గడ్డికుప్ప కింద ప్లిమత్

సోమవారం ఉదయం ఏడింటికి బస్సెక్కి, గజపతినగరంలో దిగి, అక్కణ్ణించి ఆటోలో ఊరు చేరి, పదింటికల్లా బేరం ముగించుకుని, మధ్యాహ్నం భోజనానికి విజయనగరంలో తన ఇంటికి వచ్చేయాలన్నది నరసింగరావు పథకం. ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఏ పనికైనా ముందు టైము వేసుకోవడం అలవాటు. చేతిలో ఒక ఖాళీ సంచి కూడా పట్టుకున్నాడు. ఎందుకని భార్య ధనలక్ష్మి అడిగితే, గడ్డి బేరానికి వెళ్లేవాడి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా అన్నాడు.

"గడ్డి సంచీలో తెస్తారేటండి?" అందావిడ.

ఆ ప్రశ్న దగ్గర ఆయన కాస్త ఆగి ఆలోచించి ఉంటే ఎన్నో కష్టాలు తప్పేవి. ఆగలేదు.

నిజానికి ఆయన వెళ్తున్నది గడ్డి కోసం కాదు, కారు కోసం. అమెరికా వాళ్ల ప్లిమత్. ఒకప్పుడు ఆయన తండ్రి ధర్మారావు దాన్ని విజయనగరం నుంచి చీపురుపల్లికి టాక్సీగా తిప్పేవాడు. బానెట్ మీద తెరచాప పడవ బొమ్మ ఉండటం వల్ల దారి పొడుగునా జనం దాన్ని పడవకారు అనేవారు. ఒక గాలివానలో చింతకొమ్మ విరిగిపడి ఆ తెరచాప పోతే, ధర్మారావు పనిగట్టుకుని ఇత్తడి పనికి పేరున్న బుడితి వెళ్లి, కంచరి చేత ఇత్తడి తెరచాప చేయించి అతికించాడు. నరసింగరావుకి పన్నెండేళ్లప్పుడు తల్లికి ఆపరేషన్ అయింది, కారు పోయింది. ఎవరికి అమ్మావని కొడుకు ఒక్కసారి అడిగాడు. తండ్రి లేచి, చెంబెడు నీళ్లు తాగి, బయటికి వెళ్లిపోయాడు. కొడుకు మళ్లీ అడగలేదు. తర్వాత ధర్మారావు బతికినన్నాళ్లూ ఇతరుల లారీలు నడిపాడు.

రిటైరైన దగ్గర్నుంచి ఆ కారు వెతకడమే నరసింగరావు ఉద్యోగం. ఇంటి వెనక రేకుల షెడ్డు వేయించాడు. స్పానర్లు, జాకీలు, వెల్డింగు సెట్టు అన్నీ సిద్ధం. రెండేళ్లుగా ఆ షెడ్డులో కారు తప్ప అన్నీ ఉన్నాయి. పోయిన వారం బావమరిది మురళీమోహన్ ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. పశువులశాలలో పెద్ద గడ్డికుప్ప, దాని ముందు ఒక గేదె. గడ్డిలోంచి బెత్తెడు ఎత్తున ఇత్తడి తెరచాప బయటికి వచ్చి ఉంది. నరసింగరావు ఆ ఫోన్ తిరిగి ఇవ్వడానికి చాలాసేపు పట్టింది.

మురళీమోహన్ వృత్తి పాతకార్ల బ్రోకరు. బొబ్బిలి నుంచి పలాస దాకా ఏ మిల్లు వెనక ఏ షెవర్లె కుళ్లుతోందో, ఏ డాడ్జి తలుపు ఎవరి కోళ్లగూటికి మూతగా ఉందో అతనికి తెలుసు. వాటిని పట్టి, బాగు చేయించుకునే షోకున్న పట్నంవాళ్లకి అమ్ముతాడు. ఆ వ్యాపారంలో అతనికి ఒకటే సూత్రం.

"నువ్వు కారు మొకం సూడకు బావా," అన్నాడు. "సూసేవంటే నీ మొకంలో తెలిసిపోద్ది. కారు కావాలని ఎళ్తే అది కారు రేటు. గడ్డి కోసమో, కుండల కోసమో ఎళ్లి, ఒచ్చీటప్పుడు గుమ్మంలో ఆగి, ఆ ఇనపముక్క కూడా ఇచ్చీయండి అన్నావనుకో, అది ఇనుం రేటు. ఇరవై రెండు బళ్లు కొన్నాను. ఒక్కదాన్నీ అడిగి కొన్లేదు."

ఫోటోలోని శాల ఉన్న ఇంటి యజమానురాలు లక్ష్మణమ్మ. డెబ్బై అయిదు దాటిన రైతు ఇల్లాలు. భర్త పోయి నాలుగేళ్లయింది. మోకాళ్లు పట్టేసినా శాల తనే ఊడ్చుకుంటుంది. నరసింగరావు వెళ్లేసరికి చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక గడ్డికుప్ప, కుప్ప కింద కారు. కారు ముందు బంపర్‌కి గేదె కట్టేసి ఉంది. ఇత్తడి తెరచాప మీద సూరీడు పడుతున్నాడు. నరసింగరావు ఒక అడుగు ముందుకి వేశాడు. బావమరిది చెప్పింది గుర్తొచ్చి గబుక్కున చూపు తిప్పుకుని గేదెని చూశాడు.

"ఏటి బాబూ, ఎవరి కోసం?"

"గడ్డి అమ్ముతారని విన్నానమ్మా."

"అమ్ముతాను. నీకెన్ని గేదెలేటి?"

ఈ ప్రశ్న పథకంలో లేదు. "రెండు," అన్నాడు.

"ఎన్ని పాలిస్తాయి?"

గేదె ఎన్ని పాలిస్తుందో నరసింగరావుకి తెలియదు. లీటర్లలో ఆయనకి బాగా తెలిసిన లెక్క ఒక్కటే, బస్సు ఇంజిన్‌కి పట్టే ఆయిలు. నోటికి అదే వచ్చింది. "పూటకి పదహారు లీటర్లు."

లక్ష్మణమ్మ చీపురు కింద పెట్టింది. అటుగా పోతున్న నూకయ్య అనే ఊరిపెద్ద సైకిలు ఆపాడు. ఆ ఊళ్లో ఇంతవరకూ ఏ గేదే పూటకి మూడు లీటర్లు దాటలేదు. ఇంత గొప్ప మాట చెప్పి గొప్పలు పోకుండా, నేల చూపులు చూస్తూ నిలబడ్డ మనిషిని వాళ్లిద్దరూ ఎంతో గౌరవంగా చూశారు.

"గడ్డి అమ్మీస్తే మరి నా గేదె ఏటి తింటాది?" అంది లక్ష్మణమ్మ కాసేపటికి. "నాకా, మోకాళ్లు లెగనివ్వవు. దీన్ని కూడా తోలుకుపో బాబూ. నీలాంటోడి సేతిలో సుకంగా ఉంటాది."

నరసింగరావు ఆలోచించాడు. గడ్డి పోతే కారు బయటపడుతుంది. గేదె పోతే బంపర్ ఖాళీ అవుతుంది. అప్పుడు గుమ్మంలో ఆగి చివరి మాట అనడం ఎంతసేపు. సరేనన్నాడు. ఆవిడ న్యాయమైన ధరే చెప్పింది, ఆయన కాదనలేదు.

గడ్డి ట్రాక్టరుకెత్తుతుంటే కారు కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. ముందు తలుపు వేలాడుతోంది. అడుగు రేకు తుప్పు తినేసింది. అద్దాల్లో ఒకటే మిగిలింది. స్టీరింగు మాత్రం అదే. తన చేతులు పైన వేయించి, పోనీరా పోనీ అని తండ్రి నవ్విన స్టీరింగు. అంతా బాగు చేసుకోవచ్చనుకున్నాడు. సూత్రం ప్రకారం గుమ్మం దాకా వెళ్లి ఆగి, వెనక్కి తిరిగి, "ఆ ఇనప..." అన్నాడు.  నాన్న కారుని ఇనపముక్క అనడానికి ఆయనకి నోరు రాలేదు.

"ఏటి బాబూ?"

"ఏం లేదమ్మా. గురువారం మళ్లీ వస్తాను."

గేదెని చిన్న ట్రక్కులో ఎక్కించుకుని ఆయన ఇంటికి చేరేసరికి మూడయింది. ధనలక్ష్మి గుమ్మంలోకి వచ్చి గేదెని చూసింది. ఆయన్ని చూసింది. వెనకాల వస్తున్న గడ్డి ట్రాక్టరునీ చూసింది.

"కారేదండి?"

"ఇదయ్యాక అదే."

గేదెని కట్టడానికి రేకుల షెడ్డు తప్ప చోటు లేదు. వెల్డింగు సెట్టు వరండాలోకి వచ్చింది. గేదె కొత్తచోటన్న కోపంతో మొదటి రోజు పాలు చేపలేదు. రెండోరోజు తపేలా తన్నేసింది. వీధిలో వాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చిక్కటి పాలకి మాట చెప్పి వెళ్లారు. మురళీమోహన్ మాత్రం ఫోన్లో ఎంతో మెచ్చుకున్నాడు. నమ్మకం కుదిరిందనీ, ఇంకో రెండుసార్లు వెళ్తే వాళ్లే అంటగడతారనీ ధైర్యం చెప్పాడు.

గురువారం నరసింగరావు వెళ్లేసరికి లక్ష్మణమ్మ ఇంటి ముందు ఏడు గేదెలు, వాటి యజమానులు వరుసగా నిలబడి ఉన్నారు. ముందు నూకయ్య, అతని గేదె. పూటకి పదహారు లీటర్లు పితికే మనిషి తమ పశువుల్ని ఒక్కసారి చూసి చెప్పాలని వాళ్ల కోరిక. కాదంటే శాల దాకా వెళ్లనిచ్చేలా లేరు. నరసింగరావు నూకయ్య గేదె పొట్టకి చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. లోపల ఏదో గుడగుడమంటోంది.

"గ్యాస్ పట్టింది," అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

నూకయ్య నిర్ఘాంతపోయాడు. తన గేదె రెండు రోజులుగా మేత ముట్టడం లేదన్న సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. అప్పటికప్పుడు వాము, ఇంగువ, బెల్లం నూరి దాని గొంతులో పోశారు. గంట తిరక్కుండా అది తల వంచి గడ్డి అందుకుంది. అక్కణ్ణించి ఆ ఊళ్లో ఆయన పేరు డాక్టరుబాబు.

"మా ఊరికి పాల కేంద్రం లేదు డాక్టరుబాబూ," అన్నాడు నూకయ్య చేతులు కట్టుకుని. "పొద్దున్నే కేన్లు మోసుకుని గజపతినగరం పోతన్నాం. తమలాంటోరు ఇక్కడొకటి ఎట్టిస్తే, ఏడు గేదెలు కాదు, డెబ్బై గేదెల పాలు పోస్తాం. లక్ష్మణమ్మప్ప శాల ఉన్నాది కదా, మంచి తావు."

శాల మాట వినగానే నరసింగరావు మనసులో దీపం వెలిగింది. శాల తన చేతికొస్తే అందులో ఉన్నదీ తన చేతికొచ్చినట్టే. అప్పుడిక అడిగే పనే లేదు. "శాల ఇస్తే చాలు," అన్నాడు. "మిగతాదంతా నేను చూసుకుంటాను."

లక్ష్మణమ్మ సంతోషంగా తల ఊపింది. ఆదివారం మంచిరోజని నూకయ్య పంచాంగం చూసి చెప్పాడు.

ఇంటికెళ్లి ఈ సంగతి ధనలక్ష్మికి చెప్పాడు. ఆవిడ తపేలా తోముతూనే అంది, "ఆవిణ్ణి ఒక్కమాటు అడిగితే పోలేదేటండి?"

"అడిగితే రేటు పెరిగిపోద్దని నీ తమ్ముడే..."

"రేటు కాదు మీ భయం. లేదు, ఇవ్వను అంటే ఏటి సెయ్యాలన్నదే మీ భయం."

నరసింగరావు షెడ్డులోకి వెళ్లి గేదెకి గడ్డి వేశాడు. ఆవిడ అన్నది నిజం. వెతికినన్నాళ్లూ ఆ కారు ఎక్కడో అక్కడ ఉందనుకుని నిద్రపోయేవాడు. ఇవ్వనంటే ఇంక వెతకడానికి కూడా ఏమీ మిగలదు. ఆ మాట పెళ్లానికైనా చెప్పుకోలేకపోయాడు.

ఆదివారం కొబ్బరికాయలు, పూలు పట్టుకుని దిగాడు. ఊరి మొదట్లోంచే మామిడాకుల తోరణాలు. శాలకి సున్నం వేశారు. గుమ్మానికి పసుపు, కుంకుమ. ఊళ్లో కేన్లన్నీ తోమి బోర్లించి వరసగా పెట్టారు. నరసింగరావు గుమ్మం దాటి లోపలికి చూశాడు. నేల అలికి ముగ్గు పెట్టి ఉంది. కారు లేదు.

"ఎలగున్నాది బాబూ?" అంది లక్ష్మణమ్మ, ఆయన మొహంలోకి ఆశగా చూస్తూ. "నీకు అడ్డం రాకూడదని ఆ తుక్కంతా తీయించీసాను. గజపతినగరం నుంచి తుక్కు కొట్టు సోములొచ్చి ఇప్పుడే ట్రాలీకి ఎక్కించుకెళ్లాడు. రేపు కోసీస్తాడట."

నరసింగరావు చేతిలో కొబ్బరికాయలు జారిపోయాయి. అందులో ఒకటి దానంతటదే పగిలింది. శుభం అన్నారెవరో. ఆయన అప్పటికే వీధిలో ఉన్నాడు. అరవై ఏళ్ల మనిషి, తోరణాల కింద నుంచి, పంచె ఒక చేత్తో ఎగదోపుకుని పరుగెత్తాడు. ఏమిటో తెలియకపోయినా డాక్టరుబాబు పరుగెత్తుతున్నాడు కాబట్టి ఏదో పశువు ప్రాణం మీదికి వచ్చి ఉంటుందని ఊరు ఊరంతా వెనకాల పరుగెత్తింది. ఒకతను దారిలో ఇంట్లోకి దూరి వాము డబ్బా తెచ్చుకున్నాడు.

రోడ్డు కూడలిలో ట్రాక్టరు ఆపి సోములు టీ తాగుతున్నాడు. వెనక ట్రాలీలో పడవకారు తాళ్లతో కట్టేసి ఉంది. నరసింగరావు ట్రాలీ ఎక్కాడు. వేలాడుతున్న తలుపు తీసుకుని లోపల కూర్చున్నాడు. సీటు లేదు, స్ప్రింగులే ఉన్నాయి. వాటిమీదే కూర్చుని, స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని, దాని మీద నుదురు ఆనించి ఏడ్చాడు. జనం ట్రాలీ చుట్టూ మూగారు.

"ఇది తుక్కు కదా డాక్టరుబాబూ," అన్నాడు నూకయ్య నెమ్మదిగా. "కేన్లు ఇందులో పట్టవు."

సోములు గ్లాసు పక్కన పెట్టాడు. తుక్కుని పట్టుకుని ఏడ్చేవాణ్ణి అతను ఇంతవరకూ చూడలేదు గాని, అందులో వ్యాపారం ఉందని మాత్రం గ్రహించాడు. "ఇది శానా పాత మోడలండి. దీనికి రేటు వేరే ఉంటాది," అన్నాడు.

అప్పటికి లక్ష్మణమ్మ ఎవరి మోటారుసైకిలు మీదో వచ్చి దిగింది. "ఏటయ్యింది బాబూ? ఎందుకేడుస్తన్నావు?"

"ఇది మా నాన్నదమ్మా," అన్నాడు నరసింగరావు తల ఎత్తకుండా. "నాకు గేదెలు లేవు. పాలు పితకడం కూడా రాదు. నేను బస్సు మెకానిక్‌ని. దీనికోసమే వచ్చాను."

వాము డబ్బా తెచ్చినతను దాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. నూకయ్య తన గేదె సంగతి తలుచుకుని, నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోయాడు.

"ఎవులు మీ నాన్న?" అంది లక్ష్మణమ్మ.

"ధర్మారావు. టాక్సీ ధర్మారావు."

ముసలావిడ ట్రాలీ అంచు పట్టుకుంది. "దుంపల ధర్మారావా?"

నరసింగరావు తల ఎత్తాడు.

"మాకు ఇది అమ్మీసిన కాడి నుంచీ ఏటా మాఘమాసంలో ఒచ్చీవాడు," అందావిడ. "సిలగడదుంపలు కావాలని. మా ఆయనకి తెలుసు, దుంపల కోసం కాదని. ఎండగా ఉంది, కాసేపు కూకుంటానని శాలలోకి పోయి ఇందులో కూకునీవాడు. తువ్వాలుతో అద్దం తుడిసీవాడు. ఇయాల అడుగుతాడేమో సూడు అనీవోరు మా ఆయన. మీ నాన్న అడిగీవోడు కాదు. దుంపలు మోపించుకుని ఎళ్లిపోయీవాడు."

"మీరే ఇచ్చీసుండొచ్చు కదప్పా," అన్నాడు నూకయ్య.

"నానూ అదే అన్నాను. మనకై మనం ఇస్తే దానం అవుద్ది, కష్టం లోన అమ్ముకున్న మనిసి, దానం తీసుకోడు, అడిగిన్నాడు ఊరికే ఇచ్చీద్దాం అనీవోరు. పందొమ్మిదేళ్లు సూసాం. తర్వాత మీ నాన్న రాలేదు. మా ఆయనా పోయారు. ఇంక అడిగీవోళ్లు ఎవులున్నారని, నీకు తావు కావాలి కదాని తీయించీసాను."

నరసింగరావుకి మాఘమాసాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఏటా ఒక బస్తా దుంపలు. ఉడకబెట్టి, వేయించి, పులుసు పెట్టి నెల్లాళ్లు తినేవారు. వీధి చివర అమ్మే దుంపల కోసం అంత దూరం ఎందుకెళ్తావని తల్లి ఏటా పోట్లాడేది. అక్కడి దుంప తీపి వేరు అనేవాడు తండ్రి. ఆ తీపి ఏమిటో కొడుక్కి ఇప్పుడు తెలిసింది. తండ్రి కూర్చున్న చోటే కూర్చుని, ఆయన కూడా ఇలాగే నోరు మూసుకుని ఎన్నిసార్లు దిగి వెళ్లిపోయాడో తలుచుకుంటూ, ఆ మిగిలిన ఒక్క అద్దాన్నీ అరచేత్తో తుడిచాడు.

లక్ష్మణమ్మ సోములు వైపు తిరిగింది. "కాటా ఏసేవా?"

"ఇంకా లేదండి. రేపు ఏసి డబ్బులు..."

"కాటా కాలేదంటే నాను అమ్మలేదు. అలగే ఎనక్కి తిప్పు. శాల కాడికి తోలు."

సోములు కిరాయి సంగతి ఏదో గొణిగాడు గాని, ఊరంతా చుట్టూ ఉండటం చూసి ట్రాక్టరెక్కాడు. నూకయ్య మధ్యలో, మరి పాల కేంద్రం ఎక్కడన్నట్టు చూశాడు. 

"దిగు బాబూ," అంది లక్ష్మణమ్మ. "దిగి, నా ఎదర నిలబడి అడుగు."

నరసింగరావు దిగాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఏం లేదమ్మా, ఆ శాల ఎలాగూ... ఇది అడ్డమన్నారు కాబట్టి... వీలుంటే..."

"అది కాదు. అడుగు."

ఆయన నేలని చూశాడు. ఊరిని చూశాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జోడించాడు.

"అమ్మా, ఆ కారు నాకిస్తారా?"

"తీసుకెళ్లు," అంది లక్ష్మణమ్మ.

ఆ ఒక్క ముక్క అడగడానికి ధర్మారావు ఇంటికి రెండు తరాలూ, నలభై ఎనిమిదేళ్లూ, ఒక గేదే పట్టాయి.